ఇంటికొక మోపు

అనంతపురం
జూలై 20

రూతూ,

నీ ఫోన్ మోగి మోగి ఆగిపోయేది. నిన్నటి నుంచి మోగడం కూడా మానేసింది. కంగారుపడి ఐజాక్‌కు చేస్తే, "బాగుండాది మేడమ్. ఫోన్ తీసి బీరువాలో పెట్టినాది, అంతే" అన్నాడు మీ ఆయన. అందుకని మన హాస్టల్ రోజుల్లో సెలవులకు రాసుకున్నట్టు కాగితం తీసుకున్నాను. కవర్లు కొనడానికి పోతే పోస్టాఫీసులో అమ్మాయి "స్పీడుపోస్టుకే కదా మేడమ్?" అంది. మామూలు ఉత్తరానికే అన్నాను. "మామూలుదానికేనా?" అని మళ్ళీ అడిగింది. ఆ రెండో ప్రశ్నతో నాకే అనుమానం వచ్చింది. నా సంగతి నీకు తెలుసు కదా.

నీ కోపం ఎందుకో నాకు తెలుసు. గొర్రెలకాపరుల కోసం మనం నడిపే 'జీవాల కట్ట' యాప్‌లో నువ్వు జొన్న గురించి రాసిన జవాబు మూసుకుపోయింది. నేను మూయలేదు రూతూ. కట్ట పెట్టినప్పుడు మనమంతా కూర్చుని చేసుకున్న నియమమే అది: జవాబు కింద ఐదు నక్షత్రాలుంటాయి, చదివినవాళ్ళు తోచినన్ని ఇస్తారు, సగటు రెండుకు తగ్గితే ఆ జవాబు దానంతటది అడుగుకు పోయి కనపడకుండా ముడుచుకుంటుంది. తప్పుడు మందులు చెప్పేవాళ్ళ నుంచి గొర్రెలకాపరులను కాపాడాలని పెట్టుకున్నాం. నీ జవాబుకు వరసగా ఒక్కొక్క నక్షత్రమే పడింది.

నాకు తోస్తున్నది ఒకటే, అవి పొరపాటున పడినవి. తాడిపత్రి నుంచి మన సాఫ్ట్‌వేర్ పని చూసే జయచంద్ర కూడా అదే అంటున్నాడు. నక్షత్రాల వరస తెర ఎడమ అంచున మొదలవుతుంది, జనం బొటనవేలితో పైకి తోసేదీ అక్కడే. వేలు తగిలితే ఒకటి పడిపోతుంది, వాళ్ళకు తెలియను కూడా తెలియదు.

నేను ఒక్క మీట నొక్కితే నీ జవాబు పైకి వస్తుంది. నిన్నంతా దాని మీద వేలు పెట్టుకుని కూర్చున్నాను. నా స్నేహితురాలిదని పైకి తెస్తే, రేపు ఇంకొకరిది ముడుచుకున్నప్పుడు ఏ మొహం పెట్టుకుని నియమం అంటాను? లెక్కలు చెప్పుకుని బతికేదాన్ని, సగటును నమ్మొద్దని నేనే అంటే ఎట్లా? ముందు పొరపాటును సరిచేస్తాం. అప్పుడు సగటే నీ జవాబును పైకి తెస్తుంది.

ఫోన్ బయటికి తీయి.

ఉమ


కంబదూరు
జూలై 27

ఉమా,

ఉత్తరం అందింది. పోస్టుమ్యాన్ అంగడి ముందర నిలబడి "కోర్టు నోటీసా అక్కా?" అని అడిగి మరీ ఇచ్చాడు.

ఫోన్ తీయను. నువ్వు పొరపాటు అంటున్నావు. ఒక్కరికి వేలు జారుతుంది, ఇద్దరికి జారుతుంది. వరసగా అందరికీ జారుతుందా? జీవాలకు మందులిచ్చే ఈ అంగడి పెట్టినప్పటి నుంచి ఈ చుట్టుపక్కల నేను చెయ్యి వేయని దొడ్డి లేదు. ఎమ్మెస్సీ జువాలజీ చదివి గొర్రె నోట్లో చెయ్యి పెడుతుందని మా వాళ్ళే నవ్వారు. అప్పుడు బాధ కలగలేదు. ఇప్పుడు కలిగింది. జవాబు పైన నా పేరుంటుంది కదా, రూతు అని. పేరు చూసి నొక్కారేమో అనిపించింది. అట్లా అనిపించినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. ఈ ఊళ్ళలో ఎవరూ ఇంతవరకు నాతో అట్లా మాట్లాడింది లేదు. కానీ మొహం మీద అననిది చాటున నొక్కవచ్చు కదా. కట్ట నాకు ఆ అనుమానం నేర్పింది.

ఐజాక్ ఊరుకోడు కదా. "ఒక్క నచ్చత్రం వచ్చిందని ఏడుస్తావేందే? డిసెంబరులో మనం ఇంటిమీద కట్టేది గూడా ఒకటే" అన్నాడు. నవ్వు రాలేదు. తర్వాత వంటింట్లో వచ్చింది.

నా సంగతి వదిలేయి. నేను రాసింది ఇంకోసారి చదువు. పూతకు రాని జొన్న, ఎండకు వాడిన జొన్న, కోసిన మోటు నుంచి మళ్ళీ చిగిర్చిన పిలకలు, ఈ మూడింటిలో విషం ఉంటుంది. దాన్నే నాము అంటారు. మేసిన గొర్రె దొడ్డికి చేరకముందే పడిపోతుంది. పెద్దవాళ్ళకు ఇది తెలుసు, కానీ ఎప్పుడు వదలొచ్చు, ఎంత ఎత్తు దాకా ఆగాలి అనే దగ్గర తలా ఒక మాట చెబుతారు. నేను రాసింది ఆ సంగతే. ఈసారి పంట ఎండిపోయిందని చానామంది పచ్చి జొన్ననే మేతకు కోసేశారు. ఇప్పుడు వాన లేదు. ఒక్క వాన పడితే చేలన్నీ పిలకలేస్తాయి. పచ్చగా కనపడిందంటే ఆకలిమీదున్న జీవాన్ని ఆపేదెవరు?

వాన పడేలోపల ఆ జవాబును పైకి తెస్తావో, సగటునే తెమ్మంటావో నీ ఇష్టం.

రూతు


అనంతపురం
ఆగస్టు 5

రూతూ,

నక్షత్రాలను ఎడమ అంచు నుంచి తీసి మధ్యకు జరిపాం. అంతటితో ఆగలేదు. ఎవరైనా ఒకటి నొక్కితే ఫోన్ వెంటనే అడుగుతుంది: "మీరు ఒక్క నక్షత్రమే ఇస్తున్నారు. సరేనా?" సరే అంటేనే పడుతుంది. జారిన వేలు మళ్ళీ సరే అనదు కదా. ఇది పెట్టిన రోజు నేనూ జయచంద్రా ఫోన్లోనే ఒకరినొకరు మెచ్చుకున్నాం.

మిగతా జవాబుల దగ్గర పొరపాట్లు తగ్గాయి. నీ దాని దగ్గర తగ్గలేదు. అడుగుకు పోయి వెతుక్కుని మరీ కొందరు నీ జవాబుకు ఒక్కటి ఇస్తున్నారు. సరేనా అంటే సరే అంటున్నారు.

నీకు చెప్పాలా వద్దా అని రెండు చిత్తు ఉత్తరాలు చించేశాను. కట్ట నడిపేవాళ్ళకు ఎవరు ఎన్ని ఇచ్చారో కనపడుతుంది. చూడకూడదనుకున్నాను, చూశాను. పేర్లు నీకు చెప్పను. చెబితే కట్ట మీద ఇంకెవరూ మనసులో మాట నొక్కరు. అది నిజమే. కానీ దాచడానికి అదొక్కటే కారణమా అంటే, కాదనే నాకూ అనిపిస్తోంది.

జవాబును పైకి తెమ్మంటావు. ఒకరోజు తెద్దామనిపిస్తుంది. మరునాడు, ఇంతమంది తెలిసే తక్కువ ఇస్తున్నప్పుడు అందులో మనకు తెలియని తప్పేదైనా ఉందేమో అనిపిస్తుంది. నీ చదువు మీద అనుమానం కాదు. నాకు ప్రతిదాని మీదా ఉన్నదే. జవాబును ఒక పశువైద్యుడికి పంపాను. ఆయన సరే అంటే ఆ మాటతో పైకి తెస్తాను, అప్పుడు ఎవరూ వేలెత్తి చూపలేరు. ఇంకా జవాబు రాలేదు.

అక్కడ మబ్బులు వస్తున్నాయా? ఇక్కడ సాయంత్రాలు దుమ్ము లేస్తోంది, అంతే.

ఉమ


కంబదూరు
ఆగస్టు 11

ఉమా,

పేర్లు చెప్పనన్నావంటే అవి నాకు తెలిసిన పేర్లే. తెలియనివాళ్ళవైతే చెప్పేదానివి.

చాలు. ఇంక నాకు రాయొద్దు. వాన మొదలైంది.

రూతు


కంబదూరు
ఆగస్టు 19

ఉమా,

రాయొద్దని నేనే అన్నాను, నేనే రాస్తున్నాను. ఉత్తరం అందగానే చేయాల్సిన పని ఒకటుంది. నా జవాబును పైకి తెచ్చెయ్. పశువైద్యుడి కోసం చూడకు, సగటు కోసం చూడకు. ఎందుకో చెబుతాను.

మొన్న పని ఉండి హనుమక్క వాళ్ళ ఊరికి పోయాను. హనుమక్కను నువ్వు చూశావు, కట్ట మొదలుపెట్టిన రోజు సభలో లేచి "ఈ ఫోనులో గొర్రె అరిస్తే మీకు ఇనపడతాదా మేడమ్?" అని అడిగిందే, ఆమె. నేను పోయేసరికి దొడ్డి వెనక ఆమె కొడుకు ఆంజి పారతో గుంత పూడుస్తున్నాడు. హనుమక్క అరుగుమీద కూర్చుని ఉంది. మొహం వాడిపోయి ఉంది. నన్ను చూడగానే లేచింది.

"రా రూతమ్మా. ఫోను చేస్తాంటే పలకవు. మామీద ఏమన్నా కోపమా?"

ఆమెకు నా మీద మర్యాద తగ్గినట్టే లేదు. ఉండబట్టలేక అడిగేశాను. "అక్కా, కట్టలో నేను జొన్న గురించి రాసింది నువ్వు చూసినావా?"

"చూడకేం? ఆంజి చదివి ఇనిపించినాడు. నచ్చత్రం గూడా యేసినా."

"ఎన్ని?"

"ఎన్నేందమ్మా, ఒకటి." అంత తెలియనిదాన్నా అన్నట్టు చూసింది. "ఐదు గళ్ళు ఖాళీగా ఉండాయి. ఐదూ నేనే యేస్తే మిగిలినోళ్ళు యాడ యేస్తారు? మా ఇంటిది నేను యేసినా, బయమ్మకు చెప్పినా, బయమ్మ యేసింది. పనికొచ్చే మాట చెప్పినాది మన రూతమ్మ, ఇంటికొకటి యేయండని ఊరంతా చెప్పినా."

పక్కింటి బయమ్మ గోడమీద నుంచి అందుకుంది. "మొన్న ఫోను గూడా అడిగింది, ఒక్కటేనా అని. ఒక్కటేనప్పా, ఎన్ని తూర్లు అడుగుతావు అని సరే నొక్కినా."

ఉమా, మా వైపు ఎవరి మేత అయినా కాలిపోయినా ఎండిపోయినా, ఊళ్ళో ఇంటికొక మోపు చొప్ప తెచ్చి వాళ్ళ వాకిట్లో వేస్తారు. ఎంత ఉన్నవాడైనా ఒకటే మోపు వేస్తాడు. రెండు వేస్తే పక్కవాడిని చిన్నబుచ్చినట్టు. నువ్వు పెట్టిన ఐదు ఖాళీ నక్షత్రాలు వాళ్ళకు ఖాళీ వాకిలిలాగా కనపడ్డాయి. తలా ఒక మోపు తెచ్చి నా వాకిట్లో వేసిపోయారు. నువ్వూ నేనూ అది చూసి, రాళ్ళనుకున్నాం.

నేను అక్కడే అరుగుమీద కూర్చున్నాను. హనుమక్క మజ్జిగ ఇచ్చింది.

ఒకటంటే మీకు నచ్చలేదని అర్థం అని ఆమెకు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఇప్పుడు అడగొద్దు. నువ్వూ ఎవరికీ చెప్పొద్దు. వాళ్ళకు నేర్పడం మానేసి మనమే నేర్చుకుందాం.

ఫోన్ బీరువాలోంచి తీశాను. అయినా ఇట్లాగే రాయి. ఫోన్లో అయితే నువ్వు నా గొంతు విని ఏదో ఒకటి కనిపెడతావు.

రూతు


అనంతపురం
ఆగస్టు 28

రూతూ,

నీ ఉత్తరం క్లాసుకూ క్లాసుకూ మధ్య స్టాఫ్‌రూములో చదివాను. చదువుతూనే ఫోన్ తీసి ఆ మీట నొక్కాను. నెలరోజులు వేలు పెట్టి వెనక్కి తీసుకున్న మీట. నొక్కడానికి క్షణం కూడా పట్టలేదు.

జయచంద్రకు చెబితే ఆ లెక్కంతా ఇంకోసారి తెరిచి చూశాడు. తర్వాత "మేడమ్, ఆరుమంది కలిసి ఒకరిని మోస్తాంటే, మనం సగటు తీసి ఎవురూ మోయలేదని రాసినాం" అన్నాడు. స్టాటిస్టిక్స్ చెప్పేదాన్ని నేను. ఈ మాట అతను అనాల్సి వచ్చింది.

నక్షత్రాలు తీసేశాం. ఇప్పుడు జవాబు కింద ఒక ప్రశ్న ఉంటుంది, ఫోన్ చదివి వినిపిస్తుంది కూడా: "ఈ మాట మీకు పనికొచ్చిందా?" పనికొచ్చింది అంటే ఆ ఇంటి నుంచి ఒక మోపు పడినట్టు. ఎంతమంది అన్నారో అంత, సగటు లేదు. పనికిరాలేదు అంటే ఎందుకో ఒక మాట చెప్పమని అడుగుతుంది, నోటితో చెప్పినా చాలు. కారణం చెబితేనే లెక్కకు వస్తుంది, మరునాటి దాకా వెనక్కి తీసుకోవచ్చు. అన్నిటికంటే ముఖ్యం, మనిషి చదవకుండా ఏ జవాబూ ముడుచుకోదు. ఆ మనిషిని నేనే.

అయినా నా మనసు ఊరుకోదు కదా. కారణం అడిగితే మొహమాటపడి నిజంగా పనికిరానిదాన్ని కూడా పనికిరాలేదు అనరేమో. వేలు జారడం ఆపబోయి నోరు నొక్కుతున్నానేమో. కట్టనే ఎత్తేద్దామా అని కూడా ఒకరోజంతా అనుకున్నాను. నాలాంటిదాని చేతిలో ఇంతమంది జీవాల సంగతి ఉండొచ్చా?

వానల తర్వాత అక్కడ ఏమీ జరగలేదు కదా రూతూ? జరిగి ఉంటే నువ్వు రాసేదానివి. రాయలేదంటే ఏమీ లేదనే అనుకుని నిద్రపోతున్నాను.

పశువైద్యుడి జవాబు నిన్న వచ్చింది. "అంతా సరిగ్గా ఉంది" అని ఒక్క ముక్క.

ఉమ


కంబదూరు
అక్టోబరు 5

ఉమా,

నీ ఫోన్ నిన్న మూడుసార్లు వచ్చింది. ఎత్తలేదు. ఎందుకు చేశావో తెలుసు. నా జొన్న జవాబుకు మొదటి 'పనికిరాలేదు' పడింది. హనుమక్క నుంచి. ఇది కూడా పొరపాటేమో, ఆమెకు కొత్త పద్ధతి అర్థం కాలేదేమో, తీసేద్దామా అని అడగడానికే కదా?

పొరపాటు కాదు. తెలిసే నొక్కింది. నా ముందరే, నా అంగట్లో కూర్చుని నొక్కింది. ఫోన్ కారణం అడిగితే దాన్ని నోటి దగ్గర పెట్టుకుని చెప్పింది. నువ్వు వినే ఉంటావు: "మాట మంచిదే. మేము ఎతికిన పొద్దు కనపడలేదు."

రాయలేదంటే జరగలేదని కాదు ఉమా.

ఆ రోజు నేను ఊరికే పోలేదు, హనుమక్క గొర్రెలకు నాము తగిలిందని అంగట్లో విని పోయాను. వాన పడి వారం తిరగకముందే పిలకలు వచ్చాయి. హనుమక్క భర్త లక్ష్మన్నకు నేను రాసింది సగమే గుర్తుంది, ఎంత ఎత్తు దాకా ఆగాలో గుర్తు లేదు. ఆంజిని చూడమన్నారు. ఆంజి కట్ట తెరిచి పైనుంచి కిందికి వెతికాడు, దొరకలేదు. అడుగున ముడుచుకున్నవి విప్పి చూడొచ్చని వాడికి తట్టలేదు, వెతికి నక్షత్రం వేసిన బయమ్మను అడగాలనీ తట్టలేదు. నాకు ఫోన్ చేశారు. నా ఫోన్ బీరువాలో ఉంది. రూతమ్మ దాన్ని తీసేసిందంటే పరవాలేదేమో అనుకుని లక్ష్మన్న మందను చేలో వదిలాడు. రెండు గొర్రెలు దొడ్డి చేరలేదు. రెండూ చూడి గొర్రెలు. మిగతావాటిని ఆంజి అరిచి కొట్టి బయటికి తోలాడు. నేను చూసిన గుంత అదే.

నక్షత్రం యేసినానని ఆమె చెప్పింది ఆ గుంత పూడుస్తుండగానే. ఒకటంటే ఏమిటో నేనెందుకు చెప్పలేదో ఇప్పుడు అర్థమైందా? చెబితే, తను అభిమానంతో వేసినదే తన గొర్రెలకు అడ్డం పడిందని ఆమెకు తెలుస్తుంది. అది నేను చెప్పను. ఈ జన్మకు చెప్పను.

నీకెందుకు చెప్పలేదంటే, చెబితే కట్ట ఎత్తేసేదానివి. నీ సంగతి నాకు తెలుసు కదా. కొత్త పద్ధతి నిలదొక్కుకునేదాకా ఆగాను. ఈ సెప్టెంబరులో వచ్చిన రెండో వానకు, మా అంగడికొచ్చినవాళ్ళు చెప్పినంతలో, ఆ జవాబు చూసి మందను మళ్ళించుకున్నవాళ్ళే. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

అది నీ ఒక్కదానిమీదే పడే మాట కాదు. బీరువా తాళం నా దగ్గరే ఉండింది.

కారణం అడిగితే మొహమాటపడతారని భయపడ్డావు. హనుమక్క పడలేదు. దాన్ని తీయకు.

రూతు


అనంతపురం
అక్టోబరు 12

రూతూ,

తీయలేదు.

నీ ఉత్తరం చదివాక, జూలైలో నేను న్యాయం అనుకున్నది ఏమిటి అని నన్ను నేనే చాలాసార్లు అడిగాను. స్నేహితురాలికి పక్షపాతం చూపకూడదనుకున్నాను. ఆ జవాబు నీది కాదు, చదవాల్సినవాళ్ళది అని ఒక్కసారి కూడా తట్టలేదు. కట్ట ఎత్తేయాలని ఇప్పుడూ అనిపించింది. అయితే ఎత్తేస్తే ఆంజి ఇంకోసారి వెతికినప్పుడు మళ్ళీ కనపడదు. అందుకని ఎత్తేయను.

హనుమక్క మాట కింద కట్ట తరఫున నేనే జవాబు పెట్టాను. రాత కాదు, నా గొంతుతోనే: "నిజం హనుమక్కా. ఆ వారం ఈ మాటను దాచిపెట్టింది మేమే. మీరెవరూ ఏమీ చేయలేదు. తప్పు మా లెక్కది." ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. ఆమె నక్షత్రం సరైనదే, దాన్ని తప్పుగా చదివినవాళ్ళం మనమే. కాబట్టి నువ్వు దాచేది కూడా అబద్ధం కాదు. ఈ ఒక్క విషయంలో నాకు అనుమానం లేదు.

సాయంత్రానికి ఆమె జవాబు వచ్చింది. నువ్వు విన్నావో లేదో. "సరేలే మేడమ్. ఈసారి గొర్రె అరిస్తే ఇనండి."

ఇంకొక మాట అడగాలి. ఆదివారం కంబదూరు వస్తున్నాను. గొర్రె పోయిన ఇంటికి మీ వైపు ఏం తీసుకుపోతారో నాకు తెలియదు. ఒక ఆడపిల్లను, అంటే గొర్రెపిల్లను, కొనిపెట్టమని ఐజాక్‌కు చెప్పాను. పరిహారం ఇచ్చి చేతులు దులుపుకుంటోంది అని హనుమక్క అనుకుంటుందేమోనని భయంగా ఉంది. పోయినవి రెండు కదా, రెండు కొనాలా అని కూడా అనుకున్నాను. ఐజాక్ ఒప్పుకోలేదు. "ఒకటే మేడమ్. తక్కినదానికి ఊరుండాది" అన్నాడు.

ఒక్కటే తెస్తున్నాను.

ఉమ